కాగితం మనిషికి చొక్కా

తరగతి గది నేలమీద గోధుమరంగు కాగితం పరచి ఉంటుంది. పుస్తకాలకు అట్టలు వేసే కాగితాలు నాలుగు అంటించి చేసినది గనుక మధ్యలో అతుకులు కనిపిస్తూ ఉంటాయి. ఒక పిల్లవాడు దానిమీద వెల్లకిలా పడుకుంటాడు. కదలవద్దని తోటివాళ్ళు పదిసార్లు హెచ్చరిస్తారు. వాడు పదిసార్లూ కదులుతాడు. ఒక పాప సుద్దముక్క పట్టుకుని వాడి తలదగ్గర గీత మొదలుపెట్టి, మెడ, భుజం, చేయి, చంక, నడుము, కాలు చుట్టుకుంటూ వచ్చి తిరిగి తలదగ్గర కలుపుతుంది. చంక దగ్గరకు వచ్చేసరికి చక్కిలిగిలితో గీత వంకరపోవడం ఖాయం. పని ముగిసిన తరువాత వాడు లేచి నిలబడి, నేలమీద పడి ఉన్న తన ఆకారాన్ని తానే చూసుకుంటాడు. "నేను ఇంత పొడుగా?" అన్నది సాధారణంగా వాడి నోట వచ్చే మొదటి మాట.

మన దేశంలోని ప్రాథమిక పాఠశాలలలోను, బాలవాడులలోను ఈ పాఠం రకరకాల పేర్లతో నడుస్తున్నది. మొదట గీత, తరువాత శరీర భాగాల పేర్లు, ఆపైన అట్టముక్కతో చిన్న బొమ్మ, చివరకు ఆ బొమ్మకు దుస్తులు. కత్తెర, జిగురు, రంగు కాగితం, దర్జీ కొట్టు దగ్గర ఏరుకొచ్చిన గుడ్డపీలికలు — సామగ్రి ఇంతే. చూడవచ్చిన తల్లిదండ్రులలో కొందరికి ఇది కాలక్షేపంగా తోస్తుంది. పలకమీద అక్షరాలు దిద్దించకుండా పిల్లలచేత బొమ్మలకు చొక్కాలు తొడిగిస్తున్నారేమిటని అడిగేవారు నేటికీ ఉన్నారు. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయకూడదు. నిజంగానే కాలక్షేపంగా మిగిలిపోయే అవకాశం ఈ పాఠానికి ఎక్కువే. కాని తిన్నగా నడిపితే, బిడ్డ తన దేహాన్ని గురించి ఏమి ఎరుగును, ఏమి ఎరుగడు, దేనిని తనది అనుకుంటున్నాడు, దేనికి సిగ్గుపడుతున్నాడు అనే సంగతులను ఇంత సూటిగా బయటపెట్టే పాఠం మరొకటి లేదు.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. గీత గీసిన బొమ్మలో చేయి ఎక్కడ ఉన్నదని అడిగితే తెలుగు పిల్లవాడు భుజం నుంచి వేలికొనల దాకా మొత్తం చూపిస్తాడు. వాడు చేసినది తప్పు కాదు. తెలుగులో చేయి అంటే అంతా చేయే. హిందీలో 'హాథ్' కూడా అంతే, తమిళంలో 'కై' కూడా అంతే. ఇంగ్లీషు పాఠం చెప్పే పంతులమ్మ మాత్రం అదే అవయవాన్ని మణికట్టు దగ్గర రెండుగా విడదీసి, పైభాగాన్ని 'ఆర్మ్' అనాలనీ, కింది భాగాన్ని 'హ్యాండ్' అనాలనీ చెప్పవలసి వస్తుంది. పిల్లలు తికమకపడతారు. 'లెగ్', 'ఫుట్' దగ్గర ఇదే కథ మళ్ళీ మొదలవుతుంది.

ఈ తేడా మీద సెసిల్ బ్రౌన్ అనే అమెరికన్ భాషాశాస్త్రజ్ఞుడు విస్తృతమైన పరిశీలన జరిపాడు. ప్రపంచంలోని 617 భాషలను ఆయన సరిచూడగా, 228 భాషలలో చేతికీ, హస్తానికీ ఒకే మాట ఉన్నట్టు తేలింది. మిగిలిన 389 భాషలు వాటిని వేరువేరు మాటలతో పిలుస్తాయి. ఒకే మాటతో సరిపెట్టుకునే భాషలు భూమధ్యరేఖకు దగ్గరి దేశాలలో ఎక్కువగా కనిపించడం ఆయనను ఆలోచింపజేసింది. ఆయన ఊహించిన కారణం ఏమిటో తెలుసునా? దుస్తులు! చలిదేశాలలో మనిషి పొడుగు చేతుల అంగీ తొడుక్కుంటాడు. దాని అంచు మణికట్టు దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి చేతితొడుగు మొదలవుతుంది. బట్ట గీసిన ఆ గీత వల్ల చేయి రెండు భాగాలుగా కంటికి కనబడి, భాషలో రెండు మాటలు నిలిచి ఉంటాయని ఆయన అభిప్రాయం. ఇది ఊహే కాని నిర్ధారణ కాదు. అయినా, శరీర భాగాల పాఠానికీ, దుస్తుల పాఠానికీ మధ్య ఉన్న సంబంధం బడిపంతుళ్ళు కల్పించినది మాత్రమే కాదని ఇది గుర్తుచేస్తుంది.

తెలుగువారి సంగతి ఇంకా చమత్కారంగా ఉంటుంది. మనం చొక్కాకు ఉండే గొట్టాలను కూడా చేతులనే అంటాం. పొట్టి చేతుల చొక్కా, పొడుగు చేతుల చొక్కా అంటామే గాని వాటికి ప్రత్యేకంగా మరో పేరు పెట్టుకోలేదు. అలాగని మన భాషలో చేతిలోని భాగాలకు మాటలు కరువని ఎవరూ అనుకోనక్కరలేదు. జబ్బ, మోచేయి, ముంజేయి, మణికట్టు, అరచేయి — అన్నీ ఉన్నవి. అయితే మన ఒంటిమీద ఈ హద్దులను చూపించినది కుట్టుబట్ట కాదు, నగ. వంకీ ఎక్కడ ఉంటుందో అది జబ్బ. గాజులు ఎక్కడ ఆగుతాయో అది మణికట్టు. వడ్డాణం నడుముకు, పట్టీలు చీలమండకు, మట్టెలు కాలివేళ్ళకు గుర్తులు. మూడేళ్ళ పిల్లకు 'చీలమండ' అనే మాట తెలియకపోవచ్చు. పట్టీలు పెట్టుకునే చోటు చూపించమంటే తడుముకోకుండా చూపిస్తుంది. ఈ తెలివిని వాడుకునే ఉపాధ్యాయిని బొమ్మకు ముందు నగలు పెట్టించి, ఆ తరువాత పేర్లు చెబుతుంది.

తరగతిలో రెండు మూడు భాషల పిల్లలు కలిసి ఉన్నచోట ఈ గీత బొమ్మ నిఘంటువు పని కూడా చేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా — ఈ 8 భాషల పిల్లలకు మాతృభాషలో చదువు ప్రారంభించే కార్యక్రమం మొదలైనది. అటువంటి తరగతిలో మోకాలి పక్కన పిల్లల ఇంటిమాట ఒకటి, తెలుగు మాట ఒకటి తెలుగు లిపిలోనే రాసి పెట్టవచ్చు. అయ్యవారికి తెలియని మాటను చెప్పేవాడు ఆ పూటకు అయ్యవారే అవుతాడు. ఇంటిమాటకు బడిలో చోటు దొరకక నోరు మూసుకుని కూర్చునే పిల్లలను చూసినవారికి, ఇది ఎంత పెద్ద మార్పో వివరించి చెప్పనక్కరలేదు.

ఇక పిల్లలు తమంతట తాము గీసే మనిషి బొమ్మల దగ్గరకు వద్దాం. మూడు నాలుగేళ్ళ పిల్లవాడు మనిషిని గీస్తే ఒక గుండ్రటి తల, దానికి కిందుగా రెండు కాళ్ళు వస్తాయి. మొండెం ఉండదు. చేతులు ఉంటే చెవులు ఉండవలసిన చోట ఉంటాయి. తోకకప్పలా కనిపించే ఈ మనిషిని దేశదేశాల పిల్లలు గీస్తారు. ఇటలీ దేశస్థుడు కొర్రాడో రిచ్చి పిల్లల చిత్రకళ మీద 1887లో ఒక చిన్న గ్రంథం ప్రచురించిన నాటినుంచి పెద్దలు ఈ బొమ్మలను శ్రద్ధగా పోగుచేస్తూ వచ్చారు. అమెరికాలో ఫ్లోరెన్స్ గుడ్ఇనఫ్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞురాలు 1926లో వీటికి మార్కులు వేసే పద్ధతి ఒకటి కనిపెట్టింది. మనిషిని గీయమని చెప్పి, తల ఉంటే ఒక మార్కు, మెడ ఉంటే ఒక మార్కు, వేళ్ళు సరిగ్గా అయిదు ఉంటే ఒక మార్కు — ఇలా మొత్తం 51 మార్కులు. దానినిబట్టి పిల్లవాడి మానసిక వికాసాన్ని అంచనా వేయవచ్చునని ఆమె భావించింది. ఆ 51లో 5 మార్కులు దుస్తులవి. బట్ట ఉన్నదా, బట్టలోంచి ఒళ్ళు కనబడకుండా గీశాడా, వేషం పూర్తిగా కుదిరిందా అని చూస్తారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. చొక్కా, పంట్లాము, టోపీ, బూట్లు తొడుక్కున్న మనిషిని మనసులో పెట్టుకుని తయారుచేసిన కొలమానం అది. పంచె కట్టి, పైన ఏమీ లేకుండా పొలంలో నిలబడే తాతను గీసిన పిల్లవాడికి దానితో న్యాయం జరగదు. మన దేశంలో బరోడా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రమీలా ఫాటక్ భారతీయ బాలల కోసం ఈ పరీక్షకు వేరే కొలమానాన్ని తయారు చేయవలసి రావడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఒక బొమ్మను చూసి ఒక బిడ్డ తెలివిని తూచడం అసలు సబబేనా అన్న సందేహం పండితులలో ఈనాటికీ ఉన్నది. ఉండవలసినదే. తరగతి గదిలో ఆ బొమ్మకు మార్కులు వేయనక్కరలేదు. నిన్నటి బొమ్మలో లేని మెడ ఈరోజు బొమ్మలో వచ్చినదా అని చూస్తే చాలు.

పిల్లల బొమ్మలలో మరొక వింత ఉన్నది. అయిదారేళ్ళ పిల్ల లంగా కట్టుకున్న అమ్మాయిని గీస్తే లంగాలోంచి కాళ్ళు రెండూ కనబడతాయి. పెద్దలు నవ్వుతారు. పిల్ల మాత్రం కళ్ళకు కనబడేదానిని కాక తనకు తెలిసినదానిని గీస్తున్నది. బట్ట కింద కాళ్ళు ఉన్నాయి గదా, లేకపోతే ఆ అమ్మాయి ఎలా నిలబడుతుంది? కాగితపు బొమ్మ ఈ సమస్యను చక్కగా తీరుస్తుంది. అట్టముక్కతో చేసిన ఒళ్ళు లోపల ఉంటుంది, కాగితపు లంగా పైన ఉంటుంది. ఎత్తి చూడవచ్చు, మళ్ళీ దించవచ్చు.

ఇటువంటి కాగితపు బొమ్మలు ఇంగ్లండులో 1810 నాటికే అంగడికి వచ్చాయి. లండనులో ఫుల్లర్ అనే వ్యాపారులు 'చిన్నారి ఫాన్నీ' కథను ఒక చిన్న పుస్తకంగా వేసి, దానితోపాటు దుస్తుల బొమ్మలను కొన్నింటిని అమ్మారు. తల ఒక్కటే. కథ మలుపు తిరిగినప్పుడల్లా దానిని తీసి మరో దుస్తులలో దోపాలి. మొండి పిల్ల ఫాన్నీ మంచి బట్టలు పోగొట్టుకుని, కష్టాలుపడి, బుద్ధి తెచ్చుకున్నాక మళ్ళీ మంచి బట్టలు తొడుగుతుంది. ముచ్చటైనదే గాని, ఆ బొమ్మలో ఒళ్ళు లేదు; తల, బట్టలు, వాటి మధ్య ఒక నీతి ఉన్నవి. తరగతి గదిలో కావలసినది అది కాదు. బట్టకు లోపల వంగగలిగే, కూర్చోగలిగే దేహం కావాలి.

ఆ విద్యలో మనవారిది అందెవేసిన చేయి. తోలుబొమ్మ కీళ్ళను చూసినవారికి ఈ సంగతి తెలుసు. అనంతపురం సీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గ్రామంలో నేటికీ మేకతోలుతో ఈ బొమ్మలు చేస్తున్నారు. తల, మొండెం, జబ్బ, ముంజేయి, కాళ్ళు విడివిడిగా కత్తిరించి, రంగులు వేసి, కీలు ఉన్నచోట దారంతో ముడివేస్తారు. ఎక్కడ ముడి పడుతుందో అక్కడే మనిషి ఒంట్లో కీలు ఉంటుంది. తరగతిలో అట్టబొమ్మను అలాగే చేయిస్తే, పిల్లలు భుజానికి, మోచేతికి, మణికట్టుకు, మోకాలికి ముడులు వేయవలసి వస్తుంది. మోచేతి ముడి మరచిపోయిన పిల్లవాడి బొమ్మ అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోలేదు. తప్పేమిటో వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1979లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం పాఠాలలో బొమ్మలాటను వాడుకోవడంలో దేశంలోని ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ వచ్చింది. హైదరాబాదులో దానికి ఒక ప్రాంతీయ కేంద్రం ఉన్నది. 2023 ఫిబ్రవరిలో 3 నుంచి 8 ఏళ్ళ పిల్లల కోసం విడుదలైన 'జాదూయీ పిటారా' అనే ఆటవస్తువుల పెట్టెలో కూడా బొమ్మలు ఉన్నవి.

బొమ్మ తయారైన తరువాత చొక్కా. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది.

ఆరేళ్ళ పిల్లలను చొక్కా కత్తిరించమంటే మెడకు సరిపోయేటంత కంత పెడతారు. బొమ్మ మెడ మీద దానిని ఉంచి చూస్తే ముచ్చటగా కుదురుతుంది. తొడగబోతే తల పట్టదు. చొక్కా చిరుగుతుంది. కొందరు ఏడుస్తారు కూడా. చొక్కా మెడకోసం కాదు, తల దూరడం కోసం తెరిచి ఉండాలన్న సంగతి ఆ క్షణంలో తెలిసివస్తుంది. ఆరేళ్ళ పిల్లవాడి తల చుట్టుకొలత సుమారు 50 సెంటీమీటర్లు. మెడ దానిలో దాదాపు సగం. ఈ రెండింటి మధ్య తేడాను దాటడానికే లోకంలోని దర్జీలందరూ గుండీలు, హుక్కులు, భుజం మీద చీలికలు కనిపెట్టారు. ఏడాది బిడ్డ చొక్కాకు భుజం మీద గుండీ ఎందుకుంటుందో ఆ పూట పిల్లలు తమంతట తాము చెప్పగలుగుతారు. పుట్టిన బిడ్డకు తల ఒడ్డూపొడుగులో నాలుగో వంతు. ఆరేళ్ళకు సుమారు ఆరో వంతు. పెద్దవాళ్ళకు ఏడున్నరో వంతు. పూర్వం పల్లెబడులలో పిల్లవాడిని చేర్చుకునేముందు కుడిచేతిని తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి అందుతున్నదా అని చూసేవారు. అందితే వయసు వచ్చినట్టు లెక్క. జనన ధ్రువపత్రాలు లేని ఆ రోజులలో ఒళ్ళే ధ్రువపత్రం. మన పంతుళ్ళకు ఈ కొలతలు తెలియవని ఎవరంటారు?

మారియా మాంటిస్సోరి 1907లో రోములో తన బాలగృహం ప్రారంభించినప్పుడు, గుడ్డ బిగించిన చట్రాలకు గుండీలు, ముడులు, కొక్కేలు అమర్చి పిల్లలకు ఇచ్చింది. వస్తువే పిల్లవాడికి వాడి తప్పును చూపాలి గాని ఉపాధ్యాయుడు చూపకూడదన్నది ఆమె బోధించిన ముఖ్య సూత్రాలలో ఒకటి. 1939లో ఆమె మన దేశానికి వచ్చి మద్రాసులోని అడయారులో పాఠాలు చెప్పింది. కాగితపు చొక్కా పాఠం సరిగ్గా ఆ సూత్రం మీదనే నిలబడి ఉన్నది. చిరిగిన మెడ ముందు పంతులుగారి ఎర్రసిరా ఏపాటిది?

కొలతలకు స్కేలు అక్కరలేదు. మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార — మన పాత లెక్కలన్నీ ఒంట్లోంచే పుట్టినవి. పూలమ్మి మూరతో కొలిచిన దండను పిల్లవాడు తన మూరతో కొలిస్తే ఎక్కువ వస్తుంది. ఎందుకు వచ్చిందన్న ప్రశ్నతో ఒక గంట గడిచిపోతుంది. రెండు చేతులూ బారచాపితే వచ్చే పొడవు, మనిషి ఎత్తు దాదాపు సమానమని దారం పట్టుకుని తేల్చుకోవడం పిల్లలకు పెద్ద వినోదం. గణితం అక్కడ ఉన్నదని వారికి చెప్పకపోవడమే మేలు.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇక్కడ ఒక ముల్లు ఉన్నది. బజారులో దొరికే అచ్చు కాగితాలలోని బొమ్మకు గౌను, కోటు, బూట్లు ఉంటాయి. భుజాల మీద మడవడానికి చిన్న చెవులు ఉంటాయి. ఈ పద్ధతిలో చీర కుదరదు. పంచె కుదరదు. చీరను కత్తిరించరు గదా, కడతారు. అమ్మ రోజూ కట్టే బట్ట బడిలోని దుస్తుల పాఠంలోకి రాలేకపోతే అది పాఠానికి లోపమే గాని చీరకు కాదు.

అలాగని దారి లేకపోలేదు. మామూలు చీర పొడవు సుమారు 5 మీటర్ల 50 సెంటీమీటర్లు, వెడల్పు ఒక మీటరు పైచిలుకు. దానిని పదో వంతుకు తగ్గిస్తే 55 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు గల గుడ్డపీలిక వస్తుంది. బొమ్మ ఎత్తు జానెడు లోపు. పాత చీరలోంచి చింపిన అటువంటి పీలికను ఇచ్చి బొమ్మకు కట్టమంటే తరగతిలో నిశ్శబ్దం ఆవరిస్తుంది. కుచ్చిళ్ళు ఎన్ని రావాలి? పైట ఏ భుజం మీదికి పోవాలి? గుజరాతీ పిల్ల కుడి భుజం మీదుగా ముందుకు తెస్తుంది. తెలంగాణ పల్లెలో నాయనమ్మ గోచీ పెట్టి కట్టుకోవడం చూసిన పిల్ల గోచీ పెడుతుంది. అటువంటప్పుడు అది తప్పు అని గద్దించే ఉపాధ్యాయురాలు ఆ పిల్ల నాయనమ్మను గద్దిస్తున్నదని గ్రహించాలి. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో నెలకొల్పిన అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాలకు వెళ్ళినవారు, మన రాష్ట్రాల కట్టుబట్టలను అచ్చంగా ధరించిన బొమ్మలను వరుసగా చూసి ఉంటారు. అవి అద్దాల వెనుక ఉంటాయి. విప్పి చూసే వీలు లేదు. తరగతిలోని బొమ్మ చీరను పదిసార్లు విప్పవచ్చు, పదిసార్లు కట్టవచ్చు.

దర్జీ కొడుకు ఆ రోజు తరగతిలో ముందు వరుసలోకి వస్తాడు. ఎక్కాలలో వెనుకబడినవాడైనా గుడ్డను ఏ వైపు లాగితే సాగుతుందో, ఏ వైపు సాగదో వాడికి తెలుసు. నేతపనివారి పిల్ల పడుగు, పేక విప్పి చూపిస్తుంది. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా మహాసభ, చదువంతా ఏదో ఒక చేతివృత్తి చుట్టూ అల్లుకోవాలనీ, మాతృభాషలో సాగాలనీ తీర్మానించింది. జాకిర్ హుస్సేన్ సంఘం ఆ ఏడాదే దానికి పాఠ్యప్రణాళికను సిద్ధం చేసింది. నూలు వడకడం ఆ విద్యకు ప్రాణమైంది. ఆ పథకం పెద్ద ఎత్తున నిలబడలేదు. పనివాళ్ళ పిల్లలను పనిలోనే ఉంచే ఎత్తు అని అనుమానించినవారు కూడా ఉన్నారు. ఆ అనుమానం పూర్తిగా నిరాధారమని అనలేము. అయినా, తండ్రి చేతిపనిని బడి గౌరవించినప్పుడు బిడ్డ మెడ నిక్కుతుందన్నది వార్ధా ప్రయోగంలో పోగొట్టుకోదగని భాగం.

మరొక ముల్లు రంగుపెట్టెలో ఉన్నది. బొమ్మ ముఖానికి ఏ రంగు వేయాలి? 'స్కిన్ కలర్' ఇవ్వమని పిల్లలు ఒకరినొకరు అడుగుతారు. ఇచ్చిన ముక్క లేత గులాబీ రంగుది. అడిగినవాడి చేయి, ఇచ్చినవాడి చేయి ఆ రంగులో ఉండవు. అమెరికాలో క్రేయోలా కంపెనీ 'ఫ్లెష్' అని పిలిచిన రంగుకు 1962లో 'పీచ్' అని పేరు మార్చింది. మాంసం అందరిదీ ఆ రంగులో కనబడదని గ్రహించడానికి అంతకాలం పట్టింది. అంతకు ముందే, 1940 ప్రాంతాలలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వశాస్త్రజ్ఞులైన దంపతులు పిల్లల చేతికి రంగులిచ్చి ఒక పరీక్ష జరిపారు. ముందుగా ఆకు, ఆపిలు, నారింజ, ఎలుక బొమ్మలకు రంగు వేయమన్నారు. పిల్లవాడికి రంగులు తెలుసునో లేదో చూడడానికి అది. తరువాత ఒక బాలుడి బొమ్మ ఇచ్చి, "నీవు ఏ రంగులో ఉన్నావో ఆ రంగు వేయి" అన్నారు. ఆకుకు ఆకుపచ్చ సరిగ్గా వేసిన పిల్లలలోనే కొందరు తమ రంగు దగ్గరకు వచ్చేసరికి తమకంటే తెల్లని రంగు ఏరుకున్నారు. కొందరు అసలు మనిషికి ఉండని రంగు పులిమారు. అమెరికా బడులలో జాతులవారీగా పిల్లలను వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని 1954 మే 17న అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్లార్క్ పరిశోధనల ప్రస్తావన ఉన్నది.

పెళ్ళిచూపుల్లో రంగు గురించి మాట్లాడుకునే మన ఇళ్ళలో పెరిగిన పిల్లకు లేత గులాబీ ముక్క ఏమి చెబుతుందో వేరుగా పరిశోధించాలా? వివేకం గల ఉపాధ్యాయులు రంగుముక్కలను పక్కనపెట్టి ఎర్రమట్టి, టీ డికాక్షను, పసుపు, బొగ్గుపొడి తెప్పిస్తారు. పిల్లలు కలుపుకుని, ముంజేతి పక్కన పెట్టుకుని సరిచూసుకుంటారు. ముప్పైమంది పిల్లలకు ముప్పై రంగులు వస్తాయి. ఏ రెండూ కలవవు.

చివరగా, అందరూ తప్పించుకుపోయే చోటు ఒకటి మిగిలి ఉన్నది. నేలమీది గీతబొమ్మకు పేర్లు చెప్పుకుంటూ వచ్చే ఉపాధ్యాయిని నడుము దాకా వచ్చి, అక్కడి నుంచి ఒక్క గెంతు గెంతి తొడ దగ్గర వాలుతుంది. ఆ మధ్య భాగానికి పేరు లేదు. పిల్లలు కిసుక్కున నవ్వుతారు. ఆమె చేత్తో బల్ల మీద కొడుతుంది. పేరు లేనిదానిని గురించి ఫిర్యాదు చేయడం ఎలా అన్నది ఇక్కడి ప్రశ్న. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. ఆంధ్రప్రదేశ్ కూడా వాటిలో ఉన్నది. నూటికి 53 మంది ఏదో ఒక రూపంలో లైంగిక దుశ్చేష్టకు గురైనట్టు చెప్పారు. వారిలో అత్యధికులు ఆ సంగతి అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. 2012లో పిల్లలను లైంగిక నేరాలనుంచి కాపాడే చట్టం వచ్చింది. చట్టం ముందుకు రావాలంటే బిడ్డ నోట మాట ముందు రావాలి.

దుస్తుల పాఠం ఇక్కడ అక్కరకు వస్తుంది. బొమ్మకు మొట్టమొదట తొడగవలసిన బట్ట ఏది? లోదుస్తులు. అవి కప్పే భాగం ఏది? అక్కడ ఇతరులు చేయి వేయవచ్చునా? స్నానం చేయించే అమ్మ సంగతి, అమ్మ పక్కన ఉండగా పరీక్షించే డాక్టరుగారి సంగతి వేరు అని పిల్లలే అంటారు. అయిదు నిమిషాల మాట. పురాణం విప్పనక్కరలేదు, భయపెట్టనక్కరలేదు. కాగితపు చడ్డీ ఒకటి కత్తిరించి, దానిని తొడిగే ముందు పేరు చెప్పి ముందుకు సాగిపోవడమే. ఆ పేరు ఇంటిలో వాడే మాటైనా సరే, పుస్తకంలోని మాటైనా సరే. 1098 అనే ఫోను నంబరు పిల్లల సహాయానికని చెప్పి, దానిని బొమ్మ వీపు వెనుక రాయించే వారు కూడా ఉన్నారు.

వారం రోజుల తరువాత ఆ తరగతి గదిలోకి వెళ్ళి చూడండి. కిటికీ ఊచలకు కట్టిన దారం మీద బొమ్మలన్నీ వేలాడుతూ ఉంటాయి. ఒకదానికి దర్జీ కొట్టు నుంచి వచ్చిన జరీముక్క పైట. ఒకదానికి తండ్రి లుంగీలోంచి చింపిన గళ్ళ పీలిక. ఒక బొమ్మకు చొక్కా మెడ మూడుచోట్ల చిరిగి, మూడుచోట్లా జిగురుతో అతికించి ఉంటుంది. దాని యజమానిని పిలిచి, కొత్త చొక్కా ఇస్తాం, మారుస్తావా అని అడిగితే అక్కరలేదంటాడు. ఇప్పుడు దానిలోంచి తల దూరుతుంది.